మా చేని గండి పూడ్చిందెవరు

వాన పడింది దసరా వెనక. అత్యవసర సాయం అన్న మాట మా ఊరు చేరింది ఉగాది దాటాక. ఈ మధ్యలో ఆ అత్యవసరం ఎక్కడ పడుకొని నిద్రపోయిందో నాకు తెలియదు. ఆటోకు మైకు కట్టుకొని వచ్చి చెప్పేటప్పుడు మాత్రం ఆ మాటను ఒత్తి ఒత్తి పలికారు. వానకు కోసుకుపోయిన గట్లు, ఇసుక మేట వేసిన పొలాలు బాగుచేసుకోవడానికి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుందట. ఉన్న మట్టి ఇంకా కొట్టుకుపోకుండా కాపాడుకోవాలట. ముందు ఆఫీసాయన వచ్చి దెబ్బతిన్న చోటు చూసి ఫోటో తీసుకుంటాడు. తర్వాత మనం బాగుచేసుకోవాలి. చేశాక ఆయన మళ్ళీ వచ్చి ఇంకో ఫోటో తీస్తాడు. అప్పుడు బ్యాంకులో పడుతుంది. మొదటి ఫోటో అయ్యేదాకా ఆ చోటును ఎవరూ ముట్టుకోకూడదు, ఒక్క తట్ట మన్ను కూడా వేయకూడదు అని మరీ మరీ చెప్పారు.

నాకు అక్కడే అనుమానం తగిలింది. ఇచ్చేవాడు ఇవ్వాలి గానీ ముట్టుకోవద్దనడమేమిటి? ఆదోని చుట్టుపక్కల సోలార్ పలకలు వేయడానికి భూములు అడుగుతున్నారని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. బీడుపడిన చేనని ఫోటో తీసుకొని, ఇది సాగులో లేదని రాసుకొని, రేపు పలకలు తెచ్చి పాతరని ఏమిటి నమ్మకం? ఈ మాట మా ఆయనతో అంటే నవ్వాడు. నీకు కూర్చున్నా అనుమానమే, లేచినా అనుమానమే అన్నాడు. ఆయన ఎవరేం చెప్పినా సరేననే మనిషి. ఇంట్లో ఒకరు అన్నిటికీ సరేనంటుంటే ఇంకొకరు కళ్ళు తెరుచుకొని ఉండాలి కదా. పెళ్ళైనప్పటి నుంచి ఆ పని నా నెత్తిన పడింది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు దిగి, రోడ్డు వదిలి లోపలికి నడిస్తే మా ఊరు. చేను ఊరికి ఇంకా దూరం, వంక పక్కన. నల్లరేగడి. అక్కడ మూడు చేలు ఒకదాని కింద ఒకటి మెట్లలాగా ఉంటాయి. పైచేను ట్రాక్టరున్న ఒక ఆసామిది. నడిమిది మాది. కిందిది ఒక ముసలి మొగుడూ పెళ్ళాలది. పోయినేడు దసరా వెనక కురిసిన వానకు వంక పొంగి పైచేలో పడింది. అక్కడ నిలబడలేక, పైచేనికీ మాకూ నడుమ ఉన్న గెనేన్ని, అదే గట్టును, తెంచుకొని మా మీదికి దూకింది. పత్తికాయ పగిలే సమయమది. మర్నాడు పోయి చూస్తే గెనెంలో మనిషి దిగేంత గండి. కింద పత్తి లేదు, మన్ను లేదు. సగం చేను ఇసుక.

నేను అక్కడే కూర్చొని ఏడ్చాను. మా ఆయన నా పక్కన నిలబడి, పోనీలే, వచ్చే ఏడు చూసుకుందాం అన్నాడు. వచ్చే ఏడు దాకా ఏం తినాలో చెప్పలేదు.

పంట పోతే మా వైపు వాళ్ళకు ఒక దారి ఉంది. సుగ్గి. ఇంటికి తాళం వేసి, గిన్నెలూ దుప్పట్లూ మూటకట్టి, లారీ ఎక్కి గుంటూరు వైపు పోవడం. పత్తి తీయడం, మిరపకాయ కోయడం, ఉగాదికి తిరిగి రావడం. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియనివాళ్ళు వాళ్ళనూ ఎక్కించుకుంటారు. మేమూ అదే చేశాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాప ఆ చలికాలమంతా మిరప చేలో బస్తాలు మోసింది. కాయ కోసిన చేతులతో కళ్ళు నులుముకొని ఏడ్చేది. తిరిగొచ్చి బడికి పంపితే వాళ్ళ టీచరమ్మ నన్ను పిలిపించింది. ఈసారికి ఎట్లాగో పై తరగతిలో కూర్చోబెడతాను, వచ్చే ఏడు పదో తరగతి, అప్పుడు కూడా తీసుకుపోతే ఇక నేను చేయగలిగిందేమీ లేదు అంది. పాప నా వెనక నిలబడి ఉంది. ఇంటికి వచ్చాక, "నేను మల్లా సుగ్గికి రాను, సంపినా రాను" అంది.

అందుకే నాకు ఆ సబ్సిడీ కావాలి. ఎంత అనుమానమున్నా కావాలి. గండి పూడ్చి, ట్రాక్టరు పెట్టి ఇసుక తీయిస్తే ఏరువాక పున్నమికి విత్తనం పడుతుంది. పంట చేతికొస్తే సుగ్గికి పోనక్కరలేదు. సుగ్గికి పోకపోతే మా పాప పదో తరగతి పరీక్ష రాస్తుంది. నాకు తెలిసినదంతా అంతే.

పేరు రాయించాం. వేలిముద్ర వేయమంటే వేశాను, కానీ అది ఎందుకో రెండుసార్లు అడిగి వేశాను. మా వెనక నిలబడినవాళ్ళు విసుక్కున్నారు. పైచేని ఆసామి దగ్గరికి ఆఫీసాయన మొదటి వారంలోనే వచ్చి ఫోటో తీసుకుపోయాడు. పక్కనే ఉన్న మా చేను ఆ రోజు ఆయన కంటికి కనపడలేదు. ఇంకో విడతలో వస్తానన్నాడట. ఆసామికి ముందు ఎట్లా వచ్చింది, మాకు వెనక ఎందుకు వచ్చింది? మా ఆయన అడిగితే, పేర్లు వరసలో వస్తాయి, అంతే అన్నాడు. ఆ వరస ఎవరు పెట్టారో ఆయన అడగలేదు. నేను అడుగుదామంటే వద్దని చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు ఎమ్మిగనూరులో మా చెల్లెలి ఆడబిడ్డ పెళ్ళి వచ్చింది. చెల్లెలిది మగ్గం ఉన్న ఇల్లు, పెళ్ళి పనులకు మనిషి కావాలని పిలిచింది. ముగ్గురం పోయి నాలుగు రోజులుండి వచ్చాం. వచ్చిన సాయంత్రమే నేను చేనికి పోయాను. ఊరు వదిలి పోతే చేను ఉందో లేదో చూసుకుంటే గానీ నాకు నిద్ర పట్టదు.

గండి లేదు.

మొదట నేను వేరే చేనికి వచ్చాననుకున్నాను. తర్వాత చూస్తే చేను మాదే, ఇసుక మాదే. గెనెం మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎప్పటిలాగా ఉంది. గండి ఉన్నచోట కొత్త మన్ను, దానిమీద తడిపి దిమ్మిస కొట్టిన గుర్తులు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోటో తీయకముందే గండి పూడిస్తే ఇక దెబ్బతిన్నదని ఎవరు నమ్ముతారు? మా దగ్గర పాత ఫోటో ఒకటైనా లేదు. మా ఆయన ఫోను నొక్కుడు బటన్లది. సబ్సిడీ రాకుండా చేయాలంటే ఇంతకంటే తేలిక పని లేదు. గొడవ లేదు, పోట్లాట లేదు, నాలుగు తట్టలు మన్ను పోస్తే సరి.

ఇంటికి పోయి చెప్తే మా ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు పూడ్చుంటారులే అన్నాడు. పుణ్యాత్ములైతే పేరు చెప్పి పూడుస్తారు, మనం ఊళ్ళో లేనప్పుడు చూసి పూడుస్తారా అన్నాను. అనేసి వీధిలోకి వచ్చాను. పేరు పెట్టకుండా తిట్టడం నాకు బాగా వచ్చు. వినాల్సినవాడి ఇంటిముందు నిలబడి, వినాల్సినంత గట్టిగా తిట్టాను. మా పాప వచ్చి నా చెయ్యి పట్టి లాగింది, మానం పోతుంది రామ్మా అని.

మేకలు కాసే ఒకాయన దగ్గరికి పోయి అడిగాను. దూరం నుంచి చూశాడట, పైచేని పక్క నుంచి ఎవరో రాళ్ళు మోస్తూ కనపడ్డారట. మగవాళ్ళా ఆడవాళ్ళా అంటే తెలియదన్నాడు. నాకు ఆ మాత్రం చాలు. పొద్దున్నే ఆసామి ఇంటికి పోయాను. ఆయన టీ తాగుతున్నాడు. నేను నోరు తెరవకముందే, "మీ గండి పూడిస్తే నీళ్ళు నా సేన్లోనే నిలబడతాయి. నేనెందుకు పూడుస్తానమ్మా?" అన్నాడు. మాట నిజమే. కానీ అడగకముందే జవాబు సిద్ధంగా పెట్టుకున్నవాడిని ఎట్లా నమ్మడం? నిన్న నేను వీధిలో అరిచింది విన్నాడు కాబట్టి సిద్ధంగా ఉన్నాడని మా ఆయన అన్నాడు. అదీ నిజం కావచ్చు. నాకు మాత్రం మింగుడుపడలేదు.

ఆఫీసాయన ఆ వారంలోనే వస్తాడని కబురు వచ్చింది. మా ఆయన, ఉన్నదున్నట్టు చెప్దాం, గండి ఉండేది, ఎవరో పూడ్చారు, అంతే కదా అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరు పూడ్చారయ్యా అంటే తెలియదనాలి. ఎందుకు పూడ్చారంటే తెలియదనాలి. ఇన్ని తెలియనివి చెప్పే మనిషికి సబ్సిడీ ఎవరిస్తారు? పూడ్చింది తవ్వేస్తాను అన్నాను. ఆయన నా మొహం వంక చూశాడు. పూడ్చిన గెనేన్ని ఎవరైనా తెంచుతారా, చూస్తూ చూస్తూ అది చేయలేను అన్నాడు. పైగా నడుము పట్టేసి ఉంది. నువ్వు రావద్దులే, ఇంట్లో కూర్చొని సత్యం పలుకు అని పార ఎత్తుకున్నాను.

ఎండ ఎక్కకముందే చేనికి చేరాను. మొదటి వేటు వేస్తేనే తెలిసింది, ఇది ఏదో కంటి తుడుపుకి పోసిన మన్ను కాదని. అడుగున పెద్ద రాళ్ళు, సందుల్లో చిన్న రాళ్ళు, పైన వంకలోని జిగట మన్ను తెచ్చి మెత్తారు. అంచు వెంబడి గరిక దుబ్బులు నాటారు, వేరు పట్టి మన్ను నిలవాలని. గరిక చూసి నేను కాసేపు ఆగాను. మాకు చెడు చేయాలనుకున్నవాడు గరిక నాటుతాడా? నాటడు. అయితే ఎవరు? ఎందుకు? ఆలోచించినకొద్దీ తల తిరిగింది. ఎవరైతే నాకేమి, ఆఫీసాయన వచ్చేలోపు గండి కావాలి అనుకొని మళ్ళీ పార వేశాను. మంచి పనిని తవ్వుతున్నానని తెలిసి తవ్వడం ఏమంత హాయిగా లేదు.

గెనెం వెంబడి ఎవరో వస్తున్న చప్పుడు వినిపించి తల ఎత్తాను. కిందచేని అవ్వ. చంకలో బిందె ఉంది. వంకలో చెలమ తోడుకొని వస్తున్నట్టుంది. ఆమె చాలా రోజులుగా ఊళ్ళో లేదు. హొళగుందలో ఉన్న కూతురు కాన్పుకని ముసలాయన్నీ కోడల్నీ తీసుకొని మైకు ఆటో రాకముందే పోయింది. నన్ను చూసి, నా చేతిలో పార చూసి, పెరికి పక్కన పడేసిన గరిక చూసి, బిందె కింద పెట్టింది.

"ఏం సేస్తాండావు మ్మా?" అంది.

ఎవరో గండి పూడ్చారని, దానివల్ల సబ్సిడీ పోయేలా ఉందని, అందుకే తవ్వుతున్నానని చెప్పాను. చెప్తూ ఆ పూడ్చినవాళ్ళ చేతులు పడిపోనూ అని కూడా అన్నాను.

అవ్వ తన చేతులు చూసుకుంది. "నేనే పూడిస్తి. నేనూ నా కోడలూ. నడమల మూడు దినాలు వచ్చిపోతిమి గదా, అప్పుడు" అంది. "మీ ముయ్యి ఉండె గదా మా మీద."

ముయ్యి అంటే మా దగ్గర పనికి పని. నా చేనికి నువ్వు వచ్చి చేస్తే, నీ చేనికి నేను వచ్చి చేయాలి. కూలి ఇచ్చేది లేదు, రాసుకునేది లేదు. ఎప్పుడైనా తీర్చొచ్చు కానీ, ఏరువాక దాటనివ్వరు. కొత్త పంటకు పాత ముయ్యి మోసుకుపోతే చేను కలిసిరాదని పెద్దవాళ్ళ భయం. గండి పడకముందు, పోయిన వానకారులో వాళ్ళ ముసలాయన ఆదోని ఆసుపత్రిలో పడి ఉంటే నేనూ మా ఆయనా పోయి వాళ్ళ చేలో కలుపు తీశాం. నేను అది ఎప్పుడో మరిచిపోయాను. ఆమె మరవలేదు. హొళగుంద నుంచి మధ్యలో ఇంటిపని చూసుకోవడానికి వచ్చింది. మా గండి చూసింది. మా ఆయన నడుము సంగతి ఆమెకు తెలుసు. ఏరువాక దగ్గరపడుతోంది. మేం ఊళ్ళో లేము. ఇంకేం ఆలోచించలేదు. మళ్ళీ కూతురి దగ్గరికి పోయింది. మైకులో ఏం చెప్పారో ఆమెకు తెలియదు. నేను వీధిలో ఎన్ని మాటలు అన్నానో కూడా అప్పటికి ఆమెకు తెలియదు. ఇప్పుడు అందరినీ వెంటబెట్టుకొని తిరిగొచ్చి, గరిక ఎండిపోతుందేమో, నీళ్ళు పోద్దామని వచ్చింది.

సిగ్గేసింది. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ సిగ్గులో కూడా ఒక ప్రశ్న నోట్లోంచి జారింది. "గండి అట్లే ఉంటే ఇసుక మీ సేన్లోకి గూడా వస్తాదని పూడిస్తివేమో అవ్వా" అన్నాను.

"అదీ ఉండాది" అంది, ఏమాత్రం కోపం లేకుండా. "నా సేను నాకు వద్దా?"

ఆ మాట విన్నాక నా మనసు కుదుటపడింది. మీ మీద ప్రేమతో చేశానని ఆమె అని ఉంటే నేను ఇంటికి పోయి దాని గురించి ఇంకా తవ్వుకుంటూ కూర్చునేదాన్ని. సంగతంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఫోటో, సబ్సిడీ, ఇసుక, సుగ్గి, పాప. అవ్వ గండి వంక చూస్తూ విన్నది. తర్వాత కొంగు నడుముకు చుట్టి కిందికి దిగింది.

"ఆడ తవ్వద్దు" అంది. "రాయి మీద రాయి కూర్చోబెట్టినాము. నీ సేతులు పోతాయి. ఈ పక్క నుంచి తీ."

ఇద్దరం తీశాం. ఆమె పేర్చిన రాళ్ళను ఆమే ఒక్కొక్కటి దొర్లించి పక్కన పెట్టింది, మళ్ళీ పనికొస్తాయని. గరిక దుబ్బుల్ని తడి గుడ్డలో చుట్టి నీడలో పెట్టింది.

ఆఫీసాయన వచ్చాడు. చిన్న వయసే. మోటారు సైకిలు మీద ఎండనపడి వచ్చి మొహం మాడిపోయి ఉన్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. నేను ఆయన్ని మొదటి నుంచీ కనిపెట్టి చూస్తున్నాను, ఏం అడుగుతాడో, ఎక్కడ మెలిక పెడతాడోనని. ఆయన ఏమీ అడగలేదు. గండి దగ్గరికి దిగి, అంచును బూటుతో నొక్కాడు. మన్ను పొడిపొడిగా రాలింది. వేలితో ఇంకొకచోట గీకి చూశాడు. పార అంచు పడిన గుర్తులు నాకూ కనపడ్డాయి.

"ఇది వాన కోసింది కాదమ్మా" అన్నాడు.

నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను. వాన కోసింది, తర్వాత పూడ్చారు, తర్వాత తవ్వాం. చెప్తుంటే నాకే అది అబద్ధంలాగా వినపడింది. ఆయన చేతులు కట్టుకొని విన్నాడు. సబ్సిడీ కోసం మంచి గట్లు తెంచుకున్నవాళ్ళను పోయిన ఊళ్ళో చూసి వచ్చాడట. ఇసుక చూపించాను. ఇసుక మేట ఉంది, కాదనను, కానీ గండికీ మేటకూ కలిపి ఒకే దరఖాస్తు, ఒకటి తప్పైతే రెండూ పోతాయి అన్నాడు. మా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు అవ్వ ముందుకు వచ్చి, ముయ్యి సంగతి చెప్పింది. తనూ కోడలూ ఎట్లా మోశారో, ఎక్కడి నుంచి రాళ్ళు తెచ్చారో చెప్పింది. ఆయన ఆమె మాట మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక మెల్లగా అడిగాడు.

"వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు వచ్చి, అడగకుండా, ఇంకొకరి గట్టు ఊరికే ఎవరు పూడుస్తారు అవ్వా?"

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆ కుర్చీలో నేనుంటే అదే అడిగేదాన్ని, ఇంకా గట్టిగా అడిగేదాన్ని. ఆయన ఫోటో తీసుకోలేదు. పైకి పంపితే నా ఉద్యోగానికే ముప్పొస్తుందమ్మా అని బండెక్కాడు. దుమ్ము పోయేదాకా మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. పైచేని ఆసామి ముందే ఆయన చెవిలో ఏమైనా వేశాడేమోనని నాకు అనుమానం. మా ఆయన లేదంటాడు. నాకు ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

వాన రాకముందే గండి మళ్ళీ పూడ్చుకున్నాం. ఈసారి అవ్వా కోడలూ మేమిద్దరమూ, నలుగురం. అవే రాళ్ళు, అదే గరిక. ఇసుక తీయించడానికి మాత్రం మా చేతిలో ఏమీ లేదు. ఇసుక లేని సగంలోనే పత్తి వేశాం. గెనెం నిలబడింది, వాన నిలబడలేదు. దసరాకు దేవరగట్టు బన్ని, ఆ కర్రల పోరు చూడటానికి ఊరంతా పోతుంటే, నేను చేలో ఆ గిడసబారిన మొక్కల మధ్య నిలబడి ఇక తప్పదని అర్థం చేసుకున్నాను. సుగ్గి మేస్త్రీ ఊళ్ళో తిరుగుతున్నాడు. మా ఆయన పేరు ఇచ్చి వచ్చాడు. ఆ రోజు పాప అన్నం తినలేదు. అరవలేదు, ఏడవలేదు. పుస్తకాలు సర్దుకొని సంచిలో పెట్టి, సంచి గూట్లో పెట్టింది. దాన్ని అట్లా చూడటం నా వల్ల కాలేదు. హాస్టల్లో అడిగాం, సీట్లు నిండిపోయాయన్నారు. నేనొక్కదాన్నే ఉంటానంది పాప. ఆ వయసు పిల్లను ఒంటరిగా ఇంట్లో వదిలి నేను గుంటూరులో కంటి మీద కునుకు వేయగలనా?

అప్పుడు అవ్వ వచ్చింది. వానకారులోనే ఆమె ముసలాయన పోయాడు. కోడలు పుట్టింటికి పోయింది. కొడుకు బెంగళూరులో కూలి. మా అరుగు మీద కూర్చొని, పాపను తన దగ్గర వదిలిపెట్టమంది. పరీక్షలయ్యేదాకా.

నేను వెంటనే సరేనని ఆమె కాళ్ళ మీద పడ్డానంటే అది నేను కాదు. "నీకేం గావాల అవ్వా?" అని అడిగాను.

"ఇంట్లో మనిషి గావాల" అంది. "గోడలతో మాట్లాడి మాట్లాడి నోరు నొస్తాండాది."

మర్నాడు ఆమె ఇంటికి పోయాను. తలుపు గడియ లాగి చూశాను. వెనక తలుపుకు గడియ వదులుగా ఉంటే మా ఆయన్ని పిలిచి బిగించేయించాను. వాళ్ళింటికి ఎవరెవరు వస్తారో, కొడుకు ఎప్పుడొస్తాడో, వస్తే ఎక్కడ పడుకుంటాడో అన్నీ అడిగాను. కొడుకు వస్తే పాప పక్కింటి ఆడవాళ్ళ దగ్గర పడుకోవాలని చెప్పాను. మా ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు. అవ్వ మాత్రం అడిగినదానికల్లా జవాబు చెప్పింది, అడగని సందూకు కూడా తెరిచి చూపించింది. నాకు కాదనడానికి ఏదీ దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అనిపించింది. కన్నబిడ్డను ఒకరి చేతిలో పెట్టాలంటే అంత భయమేసింది.

లారీ పొద్దుగాలే వచ్చింది. మూటలు ఎక్కించారు. అవ్వ పాప పుస్తకాల సంచి తన భుజానికి తగిలించుకొని నిలబడి ఉంది. నేను పాపను దగ్గరికి తీసుకొని చెప్పాల్సినవన్నీ మళ్ళీ చెప్పాను. బడి నుంచి నేరుగా ఇంటికి రా. తలుపు గడియ పెట్టుకో. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టొద్దు. ఫోన్లో వచ్చిన నంబరు చెప్పమంటే చెప్పొద్దు. ఎంత తెలిసినవాళ్ళైనా సరే, ఎవరినీ నమ్మొద్దు.

అవ్వ అంతా విన్నది. "నన్ను గూడా నమ్మొద్దని సెప్పిపో మ్మా" అంది.

"అదీ సెప్పినాలే అవ్వా" అన్నాను.

నిజంగానే చెప్పాను, పొద్దున జడ వేస్తూ. అవ్వకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే పాప చెయ్యి పట్టుకుంది. లారీ కదిలింది. పాప రెండో చేత్తో నాకు చెయ్యి ఊపుతోంది. అవ్వ పట్టుకున్న చేతిని మాత్రం విడిపించుకోలేదు. ఊరు దాటేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను.